కేబుల్ కొస సీసాలోనే ఉంది

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇలాంటివి రాసే ప్రతివాళ్ళూ ముందు ఈ మాటే అంటారని తెలుసు. అందుకే కొంచెం వివరంగా చెబుతాను. రావికమతం వైపు ఒక ఊళ్ళో ఒకరి ఇంటిమీద ఎవరో నడుస్తున్నట్టు చప్పుళ్ళు వస్తున్నాయంటే చూడడానికి వెళ్ళినవాళ్ళలో నేనొకణ్ణి. ఎండకు సాగి, పొద్దు వాలాక ముడుచుకునే రేకుల చప్పుడు అది. మేకులు బిగించి, ఆ ఇంటివాళ్ళకు అర్థమయ్యేలా చెప్పి వచ్చాం.

పరవాడ దగ్గర ఒక కంపెనీలో కొలత పరికరాలు చూసుకునే ఉద్యోగం నాది. మీటరు తప్పు చూపిస్తే దానికో కారణం ఉంటుంది. కారణం దొరకలేదంటే సరిగ్గా వెతకలేదని అర్థం. కంపెనీ బస్సులో పుస్తకం చదువుకుంటూ వెళ్ళి, చదువుకుంటూ వస్తాను. నా జీవితంలో అంతకు మించి విశేషాలు లేవు.

ఇది మా లలితక్క ఇంట్లో జరిగింది. మా అనకాపల్లిలోనే, గవరపాలెంలో. మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. జరిగినది ఏమిటో నాకు తెలియదు. దాని తర్వాత నేను చేసినది మాత్రం బాగా తెలుసు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అక్క భర్త, మా బావ, ఎలమంచిలి హైస్కూల్లో లెక్కల మాస్టారు. రోజూ రైల్లో వెళ్ళి వచ్చేవాడు. ఇంటికి రాగానే మేడమీది గదిలోకి. ఆయనకు హామ్ రేడియో పిచ్చి. లైసెన్సు తీసుకుని, సొంత సెట్టుతో, సొంతంగా కట్టుకున్న యాంటెనాతో ఎక్కడెక్కడి మనుషులతోనో సంభాషించడం. నోటితో కాదు, మోర్సులో. కీ అనే చిన్న మీట మీద చుక్కలూ గీతలూ కొట్టి మాట్లాడేవాడు. నా చేత లైసెన్సు పరీక్ష రాయించింది కూడా ఆయనే.

సెట్టు పాతదే. దాని గురించి ఆయనకు పట్టింపు లేదు. పట్టింపంతా సెట్టునూ యాంటెనానూ కలిపే కేబుల్ మీద.

"నోరు బాగుంది, సెవి బాగుంది, మద్దిన గొంతు పూడిపోతే ఏటి లాభం రా బావా?" అనేవాడు.

టీవీ కేబుల్ వేస్తే పోదా, సగం ఖర్చు కలిసొస్తుంది కదా అని నేను ఎప్పుడూ వాదించేవాణ్ణి. టీవీ కేబుల్ డెబ్బై అయిదు ఓములది, మన సెట్టుకు కావలసింది యాభై ఓములది అనేవాడు. ఆ తేడాకు కొంపలేమీ మునగవని నేను పుస్తకం తెచ్చి చూపిస్తే, "మునగవు. అయినా పైన అల్లింది అల్యూమినియం, దానికి టంకం అంటుకోదు. నీ పుస్తకంతో అతికిస్తావా?" అని నవ్వేవాడు. కేబుల్ సన్నగా ఉంటే దారిలోనే సగం బలం తినేస్తుంది, లావుగా ఉంటే వంచడం కష్టం. ఆయన ఎప్పుడూ లావుదే కొనేవాడు. అది కూడా ఎలా కొనేవాడంటే, వైజాగ్ షాపుకు జేబులో అయస్కాంతం వేసుకుని వెళ్ళేవాడు. కొస గీకి, లోపలి తీగకు అయస్కాంతం అంటించి చూసేవాడు. అంటుకుంటే అది రాగి పూసిన ఇనుము.

"తీగ కొనడానికొచ్చేరా, దెయ్యాన్ని పట్టడానికొచ్చేరా మాస్టారూ?" అని షాపతను నవ్వితే, "నీ సరుకులో రెండూ ఉంటాయి బాబూ" అన్నాడు బావ.

మబ్బు పట్టగానే కేబుల్‌ను సెట్టు నుంచి ఊడదీసి, దాని కొసను కిటికీలో ఉన్న గాజు సీసాలో వేసేవాడు. ఒకప్పటి ఆవకాయ సీసా అది. పిడుగు యాంటెనాను పట్టుకున్నా సెట్టు దాకా రాకూడదని పాత హామ్‌లు అలా చేస్తారు. పిడుగు నెత్తిమీదే పడితే సీసా ఏమీ ఆపదు, అది ఆయనకూ తెలుసు. "గడియ పెట్టినంత మాత్రాన దొంగ రాడేటి? అయినా పెడతాం గదా" అనేవాడు.

ఇంకొక అలవాటు చెప్పాలి. టీ కావాలంటే మేడ మీంచి అరిచేవాడు కాదు. గాలిలోకి ఏమీ పోకుండా, సెట్టు స్పీకర్లో మాత్రమే వినిపించేలా పెట్టుకుని, కీ మీద అక్క పేరులోని మొదటి అక్షరం కొట్టేవాడు. ఎల్. చుక్క, గీత, చుక్క, చుక్క. కింద వంటింట్లోకి వినిపించేది. "వత్తన్నానయ్యా" అని అక్క స్టవ్ వెలిగించేది. మోర్సులో ఆవిడకు తెలిసింది ఆ ఒక్క అక్షరమే.

చేతిరాతలాగే మోర్సు కొట్టే చెయ్యి కూడా ఒక్కొక్కరిది ఒక్కో తీరు. బావ ఎల్ కొడితే ఆఖరి చుక్క కొంచెం ఆలస్యంగా పడేది. ఎందుకో ఆయనకే తెలియదు. దిద్దుకుందామని చూసి వదిలేశాడు. రేడియోలో వినగానే ఇది ఆయనేనని మా హామ్‌లందరూ దాన్నిబట్టే గుర్తుపట్టేవారు.

కిందటి ఎండాకాలం బావ పోయాడు. బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు.

కర్మకాండలయ్యాక అక్క ఆ కీని బావ చేతిరుమాల్లో చుట్టి, ముడివేసి, చెక్కపెట్టెలో పెట్టి అల్మరాలో దాచింది. గదికి మాత్రం తాళం వేయనివ్వలేదు.

"ఆదివారాలు నువ్వొచ్చి ఆ సెట్టు ఎయ్యి తమ్ముడూ. నాకేటీ అర్థం కానక్కర్లేదు. పైన సప్పుడుంటే సాలు" అంది.

ఆవిడ నన్ను కోరింది అదొక్కటే. ఆదివారం మధ్యాహ్నాలు వెళ్ళి సెట్టు వేసి కూర్చునేవాణ్ణి. ఎవరెవరివో చుక్కలూ గీతలూ మెట్లమీదుగా వంటింట్లోకి పోతుండేవి. కింద అక్క పప్పు చెరుగుకుంటూనో, ఊరికే గోడకు ఆనుకునో కూర్చునేది. మబ్బు పడితే ఫోన్ చేసేది, నేను పరిగెత్తుకెళ్ళి కేబుల్ ఊడదీసి సీసాలో వేసేవాణ్ణి.

ఆ ఏడు వానల్లో గాలికి యాంటెనా తాడు తెగింది. నేనే మళ్ళీ కట్టాను. కేబుల్ అతుకు దగ్గర బావ వాడే రబ్బరు టేపు దొరకలేదని మామూలు నల్లటేపు చుట్టేశాను. కేబుల్ గదిలోకి వచ్చే చోట కిందికి ఒక వంపు వదలాలి, నీళ్ళు ఆ వంపు దగ్గర జారిపోయేలా. అదీ వదల్లేదు. నీళ్ళు లోపలికి దూరాయి. ఒకసారి దూరితే వత్తిలో నూనె పాకినట్టు రాగి అల్లిక పొడవునా పాకుతాయి. ఇన్నేళ్ళు ఆయన పాడుకాకుండా చూసుకున్న కేబుల్‌ను నేను ఒక్క వానాకాలంలో చెడగొట్టాను. సెట్టు మూగపోయింది. అక్క అడిగితే, "దానికీ వయసైపోయిందక్కా" అన్నాను. నమ్మింది.

ఈ వేసవిలో ఒక ఆదివారం కొత్త కేబుల్ తీసుకుని వెళ్ళాను. అయస్కాంతం అంటించి చూసే కొన్నాను. యాంటెనా కిందికి దించి, పాత కేబుల్‌ను అతుకు దగ్గర కోశాను. ఎర్రగా ఉండాల్సిన అల్లిక నల్లబడిపోయి ఉంది. వంచితే నీటి చుక్క ఒకటి రాలింది. అంతలో పడమటి కొండల మీద మబ్బు లేచింది. పని ఆపి గదిలోకి వచ్చాను. కేబుల్ రెండో కొసను సెట్టు నుంచి ఊడదీసి సీసాలో వేశాను. అవతల యాంటెనాయే లేదు కనుక ఆ పని అక్కర్లేదు. అలవాటు.

సెట్టుకు కరెంటు సరిగ్గా వస్తోందో లేదో చూద్దామని స్విచ్ వేశాను. దీపం వెలిగింది. స్పీకర్లో సన్నని హోరు. యాంటెనా లేకపోతే అంతే ఉంటుంది.

అప్పుడు వినిపించింది. చుక్క, గీత, చుక్క. కొంచెం ఆగి, చుక్క.

మొదట నాకు భయం వెయ్యలేదు. దగ్గరలో ఎవరో గట్టిగా ప్రసారం చేస్తున్నారనుకున్నాను. యాంటెనా లేకపోయినా అలాంటివి ఒక్కోసారి చొరబడతాయి. మళ్ళీ వచ్చింది. నాబ్ తిప్పాను. బయటి సిగ్నల్ అయితే నాబ్ తిప్పినకొద్దీ దాని స్వరం మారాలి. మారలేదు. అంటే గాలిలోంచి వచ్చింది కాదు. సెట్టుకు తగిలించిన కీ నుంచి రావాలి. వంగి వెనక్కి చూశాను. కీ తగిలించే రంధ్రం ఖాళీగా ఉంది. కేబుల్ తగిలించే చోటు ఖాళీగా ఉంది. కేబుల్ కొస సీసాలోనే ఉంది.

మూడోసారి కూడా వచ్చింది. ఆఖరి చుక్క ఆలస్యంగానే పడింది. తర్వాత హోరు తప్ప ఏమీ లేదు.

ఎంతసేపు అలా నిలబడ్డానో చెప్పలేను. మెట్లమీద అడుగులు వినిపించాయి. అక్క వచ్చింది. చేతిలో టీ. స్టీలు గ్లాసు, బావ పేరు చెక్కినది. బెల్లం టీ వాసన. నాకు షుగరు, నేను బెల్లం టీ తాగనని అక్కకు తెలుసు. నాకిచ్చే టీ నేను వచ్చినప్పుడే ఇచ్చేసింది.

గుమ్మంలో ఆగి, ముందు బావ కుర్చీ వంక చూసింది. తర్వాత నన్ను చూసింది.

"నువ్వేనా?" అంది.

అవునో కాదో చెప్పడానికి కావలసినంత వ్యవధి ఉంది. నాకు ఆ ముఖంలో కనిపించిన ఆశ చూసి భయం వేసింది. స్పీకర్లో వచ్చిన చప్పుడుకు వెయ్యనంత భయం. ఇది ఇక్కడే ఆపాలి అనుకున్నాను. రేకులకు మేకులు బిగించినట్టు.

"నేనే అక్కా. సెట్టు పరీక్ష చేత్తన్నాను" అన్నాను.

"ఆకరిది లేటుగా కొట్టేవు. ఆయన్లాగ."

"ఆయన దగ్గరే కదా నేర్చుకున్నాను."

అక్క గోడ పట్టుకుని చిన్నగా నవ్వింది. "దొంగసచ్చినోడా! ఒళ్ళు జల్లుమందిరా నాకు. స్టవ్ ఎప్పుడు ఎలిగించేనో, బెల్లం ఎప్పుడేసేనో కూడా తెలీలేదు." వచ్చి స్టూలు మీద కూర్చుంది. గ్లాసు ఒళ్ళో పెట్టుకుంది. "ఏదీ, ఇంకోపాలి కొట్టు."

నేను నాబ్ అటూ ఇటూ తిప్పాను.

"కొట్టరా. ఇంటాను."

కీ అల్మరాలో ఉంది. లేచి వెళ్ళి అల్మరా తీశాను. చెక్కపెట్టె తీశాను. మూత మీద దుమ్ము ఉంది. అక్క నా వెనకే కూర్చుని చూస్తోంది. పెట్టెలోంచి రుమాలు మూట తీశాను. ఆ ముడి ఆవిడ వేసినది. గట్టిగా బిగుసుకుని ఉంది, గోళ్ళతో విప్పాల్సి వచ్చింది. ముడి విప్పుతున్నంతసేపూ నిజం చెప్పడానికి ఇంకా సమయం ఉంది. చెప్పలేదు. కీ బల్లమీద పెట్టాను, తీగను రంధ్రంలో గుచ్చాను, స్పీకర్ పెంచాను.

చుక్క, గీత, చుక్క. ఆగాను. చుక్క.

కుదరలేదు. నా చుక్క ఆలస్యంగా పడలేదు, ఆలస్యంగా వేసినట్టు పడింది. మళ్ళీ కొట్టాను. ఇంకా అధ్వాన్నంగా వచ్చింది. వెనక్కి తిరిగి చూడలేకపోయాను.

"సాల్లే" అంది అక్క.

లేచి వచ్చి గ్లాసు నా ముందు పెట్టింది. "టీ సల్లారిపోతంది. తాగీరా. ఒక్క రోజుకు సుగరేటీ పెరిగిపోదులే." రుమాలు తీసుకుని, మడత పెట్టుకుని, కిందికి వెళ్ళిపోయింది.

బావ పేరు చేతికి తగులుతుండగా ఆ టీ తాగాను. పారబొయ్యడానికి ధైర్యం చాల్లేదు.

తర్వాత వెతకాల్సినవన్నీ వెతికాను. కీ రంధ్రంలో తేమ చేరితే సెట్టు దానంతటదే కూయవచ్చు. కానీ తేమకు ఎల్ తెలియదు. మబ్బులో విద్యుత్తు వల్ల టక్కుటక్కుమని చప్పుళ్ళు రావచ్చు. కేబుల్ తగిలించి ఉంటే. సెట్టు విప్పి లోపల చూశాను, లోపమేమీ దొరకలేదు. వైజాగ్‌లో మాకు తెలిసిన హామ్‌ను అడిగాను. ఉరుములకు ఆ రోజు ఆయనా అన్నీ ఊడదీసి పెట్టుకున్నాడట. నేను భ్రమపడ్డానందామా అంటే, కింద వంటింట్లో అక్క కూడా విని టీ పెట్టింది. కారణం దొరకలేదంటే సరిగ్గా వెతకలేదని అర్థం అన్నాను. సరిగ్గానే వెతికాను. దొరకలేదు.

తర్వాతి ఆదివారం కొత్త కేబుల్ వేశాను. రబ్బరు టేపు సాగదీసి చుట్టాను, వంపు వదిలాను. సెట్టు మళ్ళీ పలికింది. అక్క పైకి వచ్చింది. "అక్కా, ఆవేళ..." అని మొదలుపెట్టాను.

"మబ్బడితే దీన్ని ఎలా ఊడదియ్యాలో సూపించు" అంది, నా మాటకు అడ్డం వచ్చి. "పెతీసారీ నువ్వు పరిగెత్తుకు రానక్కర్లేదు. నేను సూసుకుంటాను."

చూపించాను. కేబుల్ కొసన ఉన్న గుండ్రటి తలను ఎడమవైపుకు తిప్పాలి, మెల్లగా లాగాలి, సీసాలో వెయ్యాలి. ఒక్కసారికే నేర్చుకుంది.

అప్పటి నుంచి మబ్బు పడితే అక్క నాకు ఫోన్ చెయ్యదు. ఆదివారాలు సెట్టు వెయ్యమని కూడా అడగడం మానేసింది.

మొన్న వాన పడుతుండగా అటు వెళ్ళాను. వీధి తలుపు దగ్గరకు వేసి ఉంది. వంటింట్లో ఎవరూ లేరు. స్టవ్ మీద గిన్నెలో బెల్లం టీ అడుగున కొంచెం మిగిలి ఉంది. బావ గ్లాసు స్టాండులో లేదు. మెట్ల కింద నిలబడి చాలాసేపు విన్నాను. వాన చప్పుడు తప్ప నాకేమీ వినిపించలేదు.

పైన ఆవిడకు ఏమైనా వినిపిస్తోందా అని అడగాలంటే నేను పైకి వెళ్ళాలి. వెళ్ళలేదు. గొడుగు తీసుకుని వచ్చేశాను.