మేనత్త కుడిచేతి బోణీ

మా మేనత్త పోయిందన్న కబురు పొద్దున్నే చుట్టాల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని కిందనే, ఇంకా ఎవరూ సరిగ్గా ఏడవకముందే, ఆమె కొడుకు, అంటే మా బావ, ఒక వీడియో పెట్టాడు. అందులో అత్తమ్మ కుడిచెయ్యి ఒక యంత్రంలో ఇరుక్కుని పైకి లేస్తుంటుంది. ఎదురుగా తెరమీద బుట్టలో ఆపిల్ పళ్లు పడుతుంటాయి. వెనకనుంచి ఎవరో చప్పట్లు కొడుతుంటారు. 'చివరిదాకా పోరాడిన అమ్మ' అని కింద రాశాడు. ఇక దండాలు పెట్టే బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. నాకు ఏడుపు రాలేదు, రోత పుట్టింది. ఆ వీడియో అంటే ఆమెకు ఎంత అసహ్యమో నాకు తెలుసు, మా బావకీ తెలుసు. తెలిసే పెట్టాడు.

ఆబిడ్స్‌లో పెద్దరోడ్డు వదిలి లోపలికి తిరిగితే వచ్చే సందులో వాళ్లది మ్యాచింగ్ సెంటర్. జాకెట్టు ముక్కలు, లైనింగులు, ఫాల్స్ అమ్ముతారు. మామయ్య పోయినప్పటి నుంచి గద్దె మీద అత్తమ్మే కూర్చునేది. చీర తెచ్చిన వాళ్లు ట్యూబులైటు కింద రంగు కుదిరిందని మురిసిపోతుంటే, చెయ్యి పట్టుకుని ఫుట్‌పాత్ మీదకి తీసుకుపోయేది. "గీడ ఎండల జూడు బిడ్డా. లోపట అన్నీ మంచిగనే కనవడ్తయ్" అనేది. ఎండలో చూశాక సగంమంది కొనకుండానే పోయేవాళ్లు. మా బావ తల పట్టుకునేవాడు.

ఛీ అనడంలో ఆమెకు ఆమే సాటి. పెదవి ఒక పక్కకి వంకర తిప్పి, సగం గాలి, సగం మాటగా అనేది. అతిగా పొగిడే వాళ్లంటే ఛీ. నీళ్ల చాయ్ అంటే ఛీ. అన్నిటికంటే పెద్ద ఛీ గుడ్డని సాగదీసి కొలిచే వాళ్లకి. మీటరు కడ్డీ మీద గుడ్డని గట్టిగా లాగి పట్టి కొలిస్తే కొనేవాళ్లకి నాలుగు వేళ్ల గుడ్డ తక్కువ పోతుంది, దుకాణంలో మిగులుతుంది. ఒకసారి మా బావ అట్లా కొలుస్తుంటే, కొనే ఆమె ఎదురుగానే, "గుంజి కొలువకురా. ఆమె ఇంటికి పోయినంక జాకెట్టు చేతులు కురచైతయ్" అని అతని చేతిలోంచి గుడ్డ థాన్ లాక్కుంది. ఆ పూటంతా మా బావ మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

రోజూ బోణీ మాత్రం ఆమె చేతి మీదుగానే జరగాలి. మొదటి ముక్క చింపి, మడిచి, కళ్లకద్దుకుని, కుడిచేత్తో ఇచ్చేది. బోణీ ఎడమచేత్తో ఇస్తే ఆ రోజుకి దుకాణం మూసుకోవచ్చని ఆ సందులో అందరి నమ్మకం. నేను నాంపల్లిలో ఆఫీసు ఉద్యోగం చేసుకునేదాన్ని, నాకు ఈ పట్టింపులు లేవు. ఆమెకి ఉన్నాయి.

అట్లాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యే పడిపోయింది. మాట దక్కింది, కాలు ఈడ్చుకుంటూనైనా నడక వచ్చింది. చెయ్యి మాత్రం ఎవరిదో తెచ్చి ఒళ్లో పెట్టినట్టు పడి ఉండేది. దవాఖాన నుంచి ఇంటికి రాగానే ఆమె అడిగింది ఒక్కటే. "బోణీ ఎవరు చేస్తున్రు?"

"నేనే చేస్తున్ననే. నీ చెయ్యి మంచిగైనంక నువ్వే చేద్దువు తియ్యి" అన్నాడు మా బావ.

అంటే చెయ్యి రాకపోతే ఆమెకు గద్దె లేదు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. ఆమె అర్థం చేసుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

అప్పుడే మా ఆఫీసు దగ్గర్లో ఒక ప్రైవేటు సెంటర్‌కి చెయ్యి ఆడించే రోబో వచ్చిందని తెలిసింది. సాయంత్రాలు ఆమెను ఆటోలో తీసుకుపోయే పని నాకు పడింది. ఫిజియో అమ్మాయిది కాకినాడ వైపు. ముంజేతికి పట్టీలు బిగించి, వేళ్లని పిడి చుట్టూ చుట్టి, ఓపిగ్గా చెప్పింది. "ముందు మీరు నెట్టాలండీ అమ్మగారూ. మీరు కొంచెం మొదలుపెడితే మిగతాది అది అందుకుంటుంది. ఎంత అందుకోవాలో నేను పెంచుతాను, తగ్గిస్తాను. మీరు ఊరికే ఉండి దాన్నే చేయనిస్తే మీ మెదడు నేర్చుకోదండీ." మంచి యంత్రం. నా కోపం దాని మీద కాదు.

మా వాళ్లకి అది మాలిష్‌లాగా అర్థమైంది. మా ఇళ్లలో పక్షవాతం అంటే నూనె మాలిష్. రుద్దేవాడు రుద్దుతాడు, పడుకున్నవాళ్లు పడుకుంటారు, ఎంత గట్టిగా రుద్దితే అంత గుణం. "ఫుల్ పెట్టున్రి మేడం. జరంత పెడితే ఏమొస్తది?" అన్నాడు మా బావ. "ఔ, పాపం ఆమెనెందుకు కష్టపెట్టుడు? మిషన్ ఉన్నది గదా" అని మా అమ్మ వంతపాడింది. ఆ అమ్మాయి కాదంది. మా బావ పోయి మేనేజరుతో మాట్లాడాడు. మేనేజరు వచ్చి, చుట్టాలు అడిగినట్టు చెయ్యమని ఆ అమ్మాయికి చెప్పి పోయాడు. ఇక చూడాలి, తెరమీద ఆపిల్ పళ్లు కుప్పలు పడ్డాయి. నక్షత్రాలు మెరిశాయి. యంత్రంలోంచి ఒక ఆడగొంతు 'ఎక్సలెంట్' అని ఒకటే మెచ్చుకోలు. అత్తమ్మ కళ్లు మూతలు పడుతున్నా ఎక్సలెంటే. ఆ వీడియో అప్పుడు తీసిందే. అది చూసి చాదర్‌ఘాట్ చుట్టాలు స్వీటు డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చారు.

తరువాత మా బావ ఒక మంచి శుక్రవారం చూసి, అమ్మ బోణీ చేస్తుందని అందరినీ దుకాణానికి పిలిచాడు. గుమ్మానికి బంతిపూలు కట్టించాడు. కొనడానికి పక్కింటామెను ముందే మాట్లాడిపెట్టాడు. అత్తమ్మ జరీ చీర కట్టుకుని గద్దె మీద కూర్చుంది. ముక్క చింపి ముందు పెట్టారు. ఆమె చెయ్యి వైపు చూసింది. మెడ నరాలు ఉబ్బాయి, భుజం వణికింది, చెయ్యి కౌంటర్ మీద నుంచి లేవలేదు. అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు. మా బావ నవ్వుతూనే వెనకనుంచి వచ్చి, ఆమె మోచేతి కింద తన అరచెయ్యి పెట్టి లేపాడు. ఆమె వేళ్లని గుడ్డ చుట్టూ ముడిచి, పక్కింటామె చేతిలోకి తోశాడు. చప్పట్లు మోగాయి. చచ్చుబడ్డ చేతిని బొమ్మ చేతిలా ఆడించి, దానికి మళ్లీ చప్పట్లా?

జనం పోయాక అత్తమ్మ ఛీ అంది. అంత మెల్లగా ఆమె ఛీ అనడం నేను ఎన్నడూ వినలేదు. "గా బోణీ నాది గాదు. వానిది."

ఆటోలో మొజంజాహీ మార్కెట్ దాటాక అడిగింది. "మిషన్ల గూడ గిట్లనే అయితున్నది గదా?"

ఔనన్నాను.

"నన్ను గుంజి కొలుస్తున్రు బిడ్డా. గందుకే గన్ని పండ్లు పడ్డయ్."

మర్నాడు ఫిజియో అమ్మాయితో, "గుంజుడు బంద్ జెయ్. నేనెంత లేపితే గంతే జూపియ్" అంది. ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "పూర్తిగా ఆపేయొద్దండీ, బాగా తగ్గిద్దాం. మీరు మొదలుపెట్టకపోతే అది కదలదు, సరేనాండీ?" అంది. ఆ సాయంత్రం బుట్ట ఖాళీగానే ఉంది. ఆడగొంతు 'ట్రై అగైన్' అంది. దాని అర్థమేందని నన్నడిగి తెలుసుకుని, "ఇప్పుడు నిజం మాట్లాడుతున్నది" అంది అత్తమ్మ.

అది చూడడానికి బాగుండేది కాదు. చెమటలు కారేవి, మూతి వంకర పోయేది, నోటి చివర చొంగ కారేది. మధ్యమధ్యలో యంత్రాన్నీ, ఆపిల్ పళ్లనీ, దేవుడినీ కలిపి తిట్టేది. నేను తుడుస్తూ కూర్చునేదాన్ని. ఇంట్లో మడిచిన జాకెట్టు ముక్క మీద చెయ్యి పెట్టి బల్ల మీద ముందుకి తోయమని ఆ అమ్మాయి నేర్పింది. అన్నం కోసం పిలిచినా, "ఆగు, ఇంకొక్కపారి" అంటూ తోస్తూనే ఉండేది.

మా బావ ఒకసారి సెంటర్‌కి వచ్చి ఖాళీ బుట్ట చూసి నా మీద పడ్డాడు. "మంచిగైతున్న చెయ్యిని ఖరాబ్ చేసిన్రు మీరిద్దరు గలిసి!"

"ఖరాబే ఉండెరా. ఎంత ఖరాబున్నదో ఇప్పుడు ఎరుకైంది నాకు" అంది అత్తమ్మ. అతను మళ్లీ రాలేదు. గద్దె మాట కూడా ఎత్తలేదు.

మళ్లీ పక్షవాతం వచ్చి, నిద్రలోనే పోయింది. పదోరోజు భోజనాల దగ్గర ఒకాయన విస్తరి ముందు కూర్చుని, ఆ మిషన్ ఎంత గొప్పదో, కొడుకు ఎంత బాగా చూసుకున్నాడో వడ్డించేవాళ్లకి చెబుతున్నాడు. బూరె నోట్లో ఉండగానే. నేను విస్తరి ముందునుంచి లేచి వచ్చేశాను.

నేను చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. అది ఏ ఫోనులోనూ లేదు. ఆమె పోవడానికి కొన్నాళ్ల ముందు మా బావ సరుకు కోసం ఊరెళ్లాడు. ఆ రోజు అత్తమ్మ నన్ను సెలవు పెట్టించి, తనే దుకాణం తీయించింది. పాత చీరతోనే గద్దె ఎక్కింది. ఎవరో తెలియని ఆమె ఆకుపచ్చ చీర పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది. రంగు ఎండలో చూపించాం, నేను కొలిచి, చింపి, మడిచి అత్తమ్మ ముందు పెట్టాను. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి గుడ్డ మీద పెట్టుకుంది. తరువాత ఎడమచెయ్యి తీసి ఒళ్లో దాచుకుంది.

చెయ్యి కౌంటర్ గాజు మీద కొంచెం జరిగింది, ఆగింది. మళ్లీ జరిగింది.

"జల్ది ఇయ్యమ్మా, బస్సు పోతది" అంది చీర తెచ్చిన ఆమె.

నేను చెయ్యి చాచబోయాను. అత్తమ్మ నా వైపు చూసిన చూపుకి వెనక్కి తీసుకున్నాను. గుడ్డ అటు అంచుదాకా చేరింది. కొనే ఆమె అందుకుంది. అత్తమ్మ వేళ్లు మాత్రం విడవలేదు. ముడుచుకోవడం వచ్చింది కానీ తెరుచుకోవడం ఆ వేళ్లకి ఇంకా సరిగ్గా రాలేదు. ఇవ్వడం ఇష్టం లేదేమో అనుకుని ఆమె గుంజింది. "అరె, ఇడువమ్మా! కొన్న గదా!"

అత్తమ్మకి నవ్వొచ్చింది. కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వింది. ఆ నవ్వులోనే ఒక్కొక్క వేలూ వదిలింది. ఆమె ఇదేం దుకాణమని గొణుక్కుంటూ బస్సు కోసం పరుగెత్తింది.

గాజు మీద అత్తమ్మ చేతి చెమట ఇటు అంచు నుంచి అటు అంచుదాకా వంకరటింకరగా, తడిగా మిగిలింది. దుమ్ము తుడిచే గుడ్డ నా భుజం మీదే ఉంది. ఆ తడి దానంతటదే ఆరేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.