అందుకునే గొంతు

లంబ్రినీకి నోరు పెద్దది, గొంతు ఇంకా పెద్దది. నోటి వల్ల ఊళ్ళో సగం మందితో పేచీలు. గొంతు వల్ల ఆ సగం మందీ మళ్ళీ ఆమె గుమ్మం ఎక్కాల్సి వచ్చేది. ఎపిరస్ కొండల్లోని ఆ ఊరి నుంచి ఎవరు పరాయి దేశం బయల్దేరినా, ఊరి చివర రాతితొట్టి దాకా వెళ్ళి వీడ్కోలు పాట పాడి పంపాల్సింది ఆమే.

అయితే అది ఒక్కరు పాడే పాట కాదు. ఒకరు ఎత్తుకోవాలి, ఒకరు అందుకోవాలి, మిగతావాళ్ళు కింద శ్రుతి పట్టాలి. ఎత్తుకునేది లంబ్రినీ. అందుకునేది ఆమె ఆడపడుచు హైదో. "పోయేవాడా, నీ నీడనైనా గుమ్మంలో వదిలిపో" అని ఈమె అంటే, "పొద్దు తిరిగితే అదీ నిలవదమ్మా" అని ఆమె అందుకునేది. వెళ్ళేవాళ్ళు మాత్రం పెదవి విప్పకూడదు. తన వీడ్కోలు తానే పాడుకున్న మనిషి తిరిగి రాడని అక్కడి నమ్మకం.

ఉత్త నమ్మకమేలే అని లంబ్రినీ ముందు అనే ధైర్యం ఎవరికీ లేదు. ఆమె మొగుడు కోస్మాస్‌కి అన్నీ వేళాకోళమే. బెల్జియం గనులకు బయల్దేరిన పొద్దున తొట్టి దగ్గర నవ్వుతూ పాట చివరి మాటకు తనూ గొంతు కలిపాడు. మనిషి రాలేదు సరికదా, శవం కూడా రాలేదు. అప్పటికి ఆమెకు ఇరవై దాటాయంతే. ఇప్పుడు డెబ్బై దాటాయి. మధ్యలో కాలం ఏ దారిన పోయిందో ఆమెకే తెలియదు.

ఇప్పుడు ఊరు విడిచే వంతు హైదోకి వచ్చింది. షుగరుతో కాళ్ళు పుళ్ళు పడ్డాయి. మంచు పడితే ఆ ఊరికి డాక్టరు రాడు. ఏథెన్స్ నుంచి కూతురు కారేసుకొచ్చింది.

"నా కోళ్ళు నీ దగ్గర ఉంచుతున్నానే. ఈస్టరుకొచ్చి చూస్తా. ఒక్కటి తగ్గిందా, జుట్టు పీకుతా" అంది హైదో.

"పీకడానికి నాకు జుట్టెక్కడుంది వదినా? నువ్వు రా ముందు" అంది లంబ్రినీ.

రావాలంటే పాట తిన్నగా సాగాలి. అందుకునే మనిషే వెళ్ళిపోతుంటే ఇక అందుకునేదెవరు? ఆ దిగులుతో లంబ్రినీకి కంటి మీద కునుకు లేదు. పక్కింటి థెక్లాని కూర్చోబెట్టి నేర్పింది.

"అది పాటటే? మేక ఈనుతున్నట్టుంది!"

"అయితే రెండు గొంతులూ నువ్వే పాడుకో తల్లీ" అని థెక్లా లేచి వెళ్ళిపోయేది. చీజు పెట్టి కాల్చిన రొట్టె పట్టుకెళ్ళి బతిమాలితే మళ్ళీ వచ్చేది.

ఆ పొద్దున తొట్టి దగ్గర కారు ఆగింది. హైదో అద్దం దించుకుని, పెదవులు బిగించి కూర్చుంది. ముసలమ్మలు శ్రుతి పట్టారు. లంబ్రినీ ఎత్తుకుంది. థెక్లా నోరు తెరిచింది గానీ ఏడుపు తప్ప ఏమీ రాలేదు. లంబ్రినీ మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అంతే. ఇంకోసారి ఎత్తుకుంటే గొంతు వణికింది. ఆ గొంతు వణకడం ఊరు ఎన్నడూ వినలేదు.

"పొద్దు తిరిగితే అదీ నిలవదమ్మా..."

కారులోంచి వచ్చింది ఆ గొంతు.

"వద్దు వదినా, వద్దు!" లంబ్రినీ పరుగున వెళ్ళి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. హైదో ఆ చెయ్యి పట్టుకుని పక్కకు తీసి, చివరిదాకా పాడింది.

"ఎంత పని చేశావు వదినా!"

"సగం పాటతో నిన్నిక్కడ నిలబెట్టి పోనా? మా తమ్ముడు చేసింది చాలదూ?" హైదో ఆ చెయ్యి ఇంకా వదల్లేదు. "కోళ్ళు నువ్వే ఉంచేసుకోవే."

కారు మలుపు తిరిగింది. ముసలమ్మలు ఆపడం మర్చిపోయి శ్రుతి పట్టే ఉన్నారు. అలవాటు కొద్దీ ఎత్తుకోబోయిన లంబ్రినీ, నోరు మూసుకుని వాళ్ళ మీద విరుచుకుపడింది.

"ఆపండే! ఇక అందుకునేదెవరు?"