గౌస్ బాషా ఎడమచెయ్యి

గుంటూరు నుంచి పొదిలి దాకా ఏ తిరనాళ్లలోనైనా అడగండి. పియానోకి గాలి కొట్టిన మొనగాడు లోకంలో ఒక్కడే, మా గౌస్ బాషా. నమ్మకపోతే మీ ఖర్మ. ఆయన పక్కన రిథమ్ ప్యాడ్లు కొట్టింది నేనే.

ఇరవై ఏళ్లు పద్యనాటకాలకు హార్మోనియం వాయించాడాయన. కుడిచెయ్యి మెట్ల మీద, ఎడమచెయ్యి వెనకున్న గాలితిత్తి మీద. నాటకాలు తగ్గిపోయి, తొంభై తొమ్మిదిలో మా అంకమ్మరావు ఆర్కెస్ట్రాలో కీబోర్డుకి చేరాడు. పియానో టోన్ తప్ప ఇంకో బటన్ ముట్టేవాడు కాదు. కుడిచెయ్యి జోరున వాయించేది. ఎడమచెయ్యి కీబోర్డు వెనక లేని తిత్తిని కొడుతూనే ఉండేది. జనం ఈలలు. ఎందుకో ఆయనకు అంతుబట్టేది కాదు.

అంకమ్మరావుకి మాత్రం తలకొట్టేసినట్టుండేది.

"ఏమయ్యా బాషా, ఇది కరెంటుతో నడుస్తది. రేపు అద్దంకిలో ఆ చెయ్యి ఊపావా, ఇంకొకణ్ణి పెట్టుకుంటా."

"ఆపితే ఊపిరాడట్లేదండీ."

"నీకా, దానికా?"

బాషా తన ఎడమచేతిని, కీబోర్డుని మార్చి మార్చి చూశాడు. "అదే తెలియట్లేదండీ."

ఉపాయం చెప్పింది నేనే. అద్దంకిలో ఆ చేతిని తువ్వాలుతో స్టాండుకి కట్టేశాం. మొదటి పాట కుంటింది. రెండోది సగంలో ఆగింది. బాషా తన కుడిచేతిని పరాయివాడి చెయ్యిలా చూస్తూ నిలబడ్డాడు.

"కరెంటు పోయిందేంట్రా?" అన్నారెవరో, లైట్ల కింద కూర్చునే.

ముందు వరసలో శనక్కాయలమ్మే కోటిరత్నం లేచింది. "ఒరేయ్, ఆయన చెయ్యి కట్టేశార్రా! గాలెట్టా కొడతాడు?"

"విప్పండి! విప్పండి!" ఊరంతా ఒకటే అరుపు. అంకమ్మరావే వచ్చి ముడి విప్పాడు.

ఇక చూడాలి! ఆ చేతి విసురుకి టెంటు ఉబ్బింది. పక్క కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఘాటు లేచి, మూడు వరసల జనం తుమ్మారు. అదీ తాళంలో! ఒట్టు.

మర్నాడు పొద్దున వైర్లు చుడుతుంటే పొదిలి తిరనాళ్ల కమిటీవాళ్లొచ్చారు. "ఆ గాలి కొట్టే ఆయనైతేనే ప్రోగ్రామ్" అన్నారు. అంకమ్మరావు తలూపాడు.

బాషా నా పక్కకు జరిగాడు. "అబ్బాయ్, వాళ్లకి నచ్చింది పాటా, చెయ్యా?"

సాయానికి అంకమ్మరావు వైపు చూశాను. ఆయన కీబోర్డు వెనక వంగి, అరచెయ్యి పెట్టి, గాలెక్కడైనా వస్తోందేమోనని తడుముతున్నాడు.