వడ్లలో మాగబెట్టిన ఫ్రెంచి సీసా

వైను రుచి తెలియడానికి చాలా ఏళ్ళ ముందే నాకు దాన్ని తాగే పద్ధతి తెలుసు. ఎనభైలలో, మిర్యాలగూడలో మా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, స్టీలు గ్లాసులో మంచినీళ్ళు పోసి నాన్న నేర్పాడు. గ్లాసును అడుగున పట్టుకోవాలి, అరచేతి వేడి తగలకూడదు. తెల్ల తువ్వాలను వెనక పెట్టి రంగు చూడాలి. మెల్లగా తిప్పాలి. ముక్కు గ్లాసులోకి దించి వాసన పీల్చి, అందులో ఏమేం ఉన్నాయో ఆలోచించాలి. ఆ తర్వాతే ఒక్క గుక్క. అదీ గటుక్కున మింగకుండా నాలుక మీద కాసేపు ఉంచుకోవాలి. నేనూ తమ్ముడూ మంచినీళ్ళను ఇంత మర్యాదగా తాగుతుంటే, అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, ముందు అన్నం తిని బడికి పొమ్మని కసిరేది.

ఈ విద్య నాన్నకు వాడపల్లి దగ్గర అబ్బింది. అక్కడ కొత్తగా కడుతున్న సిమెంటు ఫ్యాక్టరీలో ఆయన స్టోర్స్ గుమాస్తా. బయటి దేశం నుంచి వచ్చిన యంత్రాలు బిగించడానికి ఒక ఫ్రెంచి ఇంజనీరు వచ్చాడు. మా ఎండాకాలం ఎట్లా ఉంటుందో ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. మే నెలలో కడుపు పాడై మంచం పట్టాడు. గెస్ట్‌హౌస్ వంటవాడు వేపుళ్ళు తప్ప వండడు. నాన్న రోజూ టిఫిన్ గిన్నెలో అమ్మ చేసిన గంజి, పలచటి మజ్జిగ తీసుకెళ్ళి ఇచ్చాడు. నాన్నకు వచ్చింది సగం ఇంగ్లీషు, ఆయనకు వచ్చింది ఇంకో సగం. ఆ రెండు సగాలతో వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది.

పని ముగించుకుని వెళ్ళిపోతూ ఆయన నాన్న చేతిలో ఒక సీసా పెట్టాడు. తన కోసం తెచ్చుకున్నదట. బోర్డో అనే ఊరి తోటల్లోది, వాళ్ళ దేశంలోనే మామూలు మనుషులు కొనలేనిదట. నల్లటి సీసా, మీద తెల్ల కాగితం, దాని మీద సన్నటి గీతలతో కోటలాంటి ఒక గడీ బొమ్మ. అడ్డంగా పడుకోబెట్టి చీకట్లో ఉంచాలనీ, కదపకూడదనీ, ఇంకో పదేళ్ళు పోతే బాగా పండుతుందనీ, అప్పుడు కావలసినవాళ్ళతో కూర్చుని తాగమనీ చెప్పాడు. తాగే పద్ధతి కూడా ఆయనే మంచినీళ్ళతో చూపించాడు.

సీసా ఇంటికి వచ్చిన వారంలోనే కోదాడ నుంచి మామయ్య వచ్చాడు. ఆయనకు బత్తాయి తోట ఉండేది. బోర్డో అన్న మాట వినగానే చేతిలోని సీసా కింద పెట్టేశాడు. మైలుతుత్తం, సున్నం కలిపి చెట్ల మొదళ్ళకు పూసే మందు పేరు అదేననీ, దాన్ని తాగే మనుషులు ఉంటారని తనకిప్పుడే తెలిసిందనీ అన్నాడు. నాన్నకు కోపం వచ్చింది. ఆ మందు పుట్టింది ఆ ద్రాక్షతోటల్లోనేనని చాలా ఏళ్ళకు ఎక్కడో చదివి, పాపం మామయ్య మరీ అంత తప్పేమీ అనలేదని నవ్వుకున్నాను.

పదేళ్ళు పండాలన్నారు కదా. మా వైపు ఏదైనా పండాలంటే ఎక్కడ పెడతారో చిన్నపిల్లనడిగినా చెబుతుంది. కోతకొచ్చిన మామిడికాయలు, సీతాఫలాలు, అరటి గెలలు అన్నీ వడ్లలోనే మాగేవి. మా ఇంటి వెనక రేకుల గదిలో ఏడాది తిండిగింజలు పోసి ఉండేవి. చీకటి ఉంది, కదిపేవాళ్ళు లేరు, పడుకోబెట్టడానికి మెత్తటి చోటుంది. నాన్న సీసాను తువ్వాలలో చుట్టి, మోచేతిదాకా చెయ్యి దూర్చి, వడ్ల మధ్యలో పడుకోబెట్టాడు. ఇంతకంటే శ్రద్ధగా ఆ సీసాను ఎవరూ చూసుకోలేరని మేమంతా నమ్మాం.

ప్రతి పంటకూ కొత్త వడ్లు వచ్చేవి. కళ్ళంలో ఎండబెట్టి, సంచుల్లో ఇంకా వెచ్చగా ఉండగానే తెచ్చి పోసేవాళ్ళు. చెయ్యి పెడితే హాయిగా ఉండేది. పైన రేకులు, వాటి మీద మిర్యాలగూడ ఎండ. గ్లాసుకు అరచేతి వేడి తగలకూడదని మాకు పాఠం చెప్పిన మనిషి, సీసాను మాత్రం ఆ వేడిలో ఏళ్ళ తరబడి ఉడకబెట్టాడు. ఆయనకూ తట్టలేదు, అన్నిట్లో తప్పులు పట్టే నాకూ తట్టలేదు. మామిడికాయకు మంచిదైనది ద్రాక్షరసానికి మాత్రం ఎందుకు మంచిది కాదు?

ఆ సీసా ఎవరితో తాగాలన్నది నాన్న మొదటి రోజే తేల్చుకున్నాడు. సూర్యాపేటలో ఉండే మా మేనత్తతో. నాన్నకు నాలుగేళ్ళప్పుడే వాళ్ళమ్మ పోయింది. అప్పటికి తానూ పిల్లే అయిన అత్తమ్మ తుంగతుర్తి దగ్గర మా ఊళ్ళో కూలికి పోయి తమ్ముణ్ణి సాకింది, చదివించింది. పెళ్ళై సూర్యాపేట వచ్చాక కూరగాయల అంగడి పెట్టుకుంది. భర్త పోయినా అంగడి వదల్లేదు, బొట్టూ తీయలేదు. గట్టి గొంతు, నుదుట రూపాయంత బొట్టు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం.

అత్తమ్మకు కల్లంటే ప్రాణం. పొద్దున్నే కల్లు లొట్టి రాగానే మోదుగాకు డొప్పలో పోయించుకుని, వేలు ముంచి పోయినవాళ్ళ పేరున నేల మీద నాలుగు చుక్కలు సాక పోసి, అప్పుడు తాగేది. పక్కన ఉడకబెట్టిన బొబ్బర గుడాలు. పండగొచ్చినా, పని లేని రోజైనా, అక్కాతమ్ముళ్ళు ఎదురెదురుగా కూర్చుని తాగడం, ఊరి ముచ్చట్లు చెప్పుకుని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుకోవడం నాకు లీలగా గుర్తు.

తర్వాత నాన్న మానేశాడు. ఉద్యోగం వచ్చింది, ప్యాంటు వచ్చింది, కోదాడ అత్తగారింట్లో పేరు వచ్చింది. ఆఫీసుకు పోయే మనిషి నోట్లోంచి కల్లు వాసన వస్తే బాగుండదని అనుకున్నాడు. సూర్యాపేట వెళ్ళినా చాయ్ తాగి బస్సు టైమవుతోందని లేచేవాడు. అత్తమ్మ ఒక్కతే డొప్ప పట్టుకుని కూర్చునేది. ఆమె ఏ రోజూ ఫిర్యాదు చేయలేదు గానీ, తమ్ముడు పెద్దోడైపోయి తనకు దూరమయ్యాడన్న బాధ ఆమెకుండేది. అది మాకు అందరికీ కనబడేది, నాన్నకు తప్ప.

అందుకే ఈ సీసా సంగతి తెలిసినప్పుడు ఆమె ఎంత సంబరపడిందో చెప్పలేను. ఫ్రెంచి కల్లు ఎట్లా ఉంటుందోనని కాదు. తమ్ముడు మళ్ళీ తనతో కూర్చుని తాగుతానన్నాడని. మా ఇంటికి వచ్చినప్పుడల్లా చెప్పులు విప్పకముందే సీసా ఎంతవరకు వచ్చిందని అడిగేది. నాన్న ఇంకా కాలేదనేవాడు.

"కల్లు తెల్లారకముందు దించుతరు, పొద్దెక్కకముందు తాగుతరు. గీ పదేండ్ల కల్లేంది తమ్మీ?" అని ఒకసారి అడిగేసింది.

"నీకు తెల్వదక్కా. దానికో పద్ధతుంటది," అన్నాడు నాన్న.

ఆ పద్ధతి ఆమెకూ నేర్పాడు, మంచినీళ్ళతోనే. అత్తమ్మ గ్లాసు తిప్పి, వాసన చూసి, ఇందులో మున్సిపాలిటీ తప్ప ఇంకేం లేదని తేల్చింది. మేం పడి పడి నవ్వాం. నవ్వుతూనే ఆమె ఇంకో ఏడాది ఆగడానికి ఒప్పుకుంది. అట్లా ఎన్ని ఏడాదులో ఒప్పుకుంది.

తొంభైల మొదట్లో అత్తమ్మకు తిండి సయించడం తగ్గింది. పచ్చబడింది. సూర్యాపేట దవాఖానలో చూపిస్తే హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు, హైదరాబాద్‌లో చూపిస్తే ఇంటికి తీసుకుపొమ్మన్నారు. కడుపులో గడ్డ. ఇంక ఎక్కువ రోజులు లేవని డాక్టరు నాన్నకు చెప్పాడు, నాన్న అమ్మకు చెప్పాడు. ఆ రోజు నాన్న అన్నం తినకుండా వడ్ల గది గడప మీద కూర్చున్నాడు. ఆయన మనసులో ఏముందో చెబితే ఎవరూ నమ్మరు. పదేళ్ళు ఇంకా పూర్తి కాలేదని ఆలోచిస్తున్నాడు. ఇప్పుడు తీస్తే, ఇన్నేళ్ళు ఆగి అక్కకు సగం పండింది పోసినట్టవుతుందని. మా నాన్న మంచివాడే గానీ, మంచివాళ్ళలో ఉండే ఈ మొండితనం ఉంది చూశారూ, అది మనుషుల్ని చంపుతుంది.

అమ్మకు తాగుడంటే గిట్టదు. వడ్ల గదిలో సీసా ఉందని చుట్టాలకు తెలుస్తుందేమోనని ఇన్నేళ్ళూ నలిగిపోయింది. ఆ అమ్మే వెళ్ళి నాన్న ముందు నిలబడింది.

"అది పండేదాకా వదిన ఉంటుందా ఏవండీ? రేపు పొద్దున్నే తీసుకుపోండి. నే చెబుతున్నాగా," అంది.

మర్నాడు నాన్నా నేనూ సూర్యాపేట బస్సెక్కాం. సీసా తువ్వాలలో, తువ్వాల నాన్న ఒళ్ళో. గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. అత్తమ్మ మంచం వాకిట్లో వేసి ఉంది. ఆ పెద్ద మనిషి దుప్పటి కింద ఉందో లేదో తెలియనంత అయిపోయింది. బొట్టు మాత్రం అంతే ఉంది.

బిరడా లాగే పనిముట్టు మా దగ్గర లేదు. నాన్న పక్కింటి నుంచి పెద్ద మరమేకు, కటింగ్ ప్లేయరు తెచ్చి, మేకు బిగించి లాగాడు. బిరడా సగానికి విరిగింది, మిగిలింది లోపలికి పడింది. చాయ్ జాలిలో వడగట్టి స్టీలు గ్లాసులో పోశాడు. తెల్ల తువ్వాలకు ఎదురుగా ఎత్తి చూశాడు. ఎరుపు లేదు, నాలుగు రోజుల చింతపండు పులుసు రంగులో ఉంది. తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అందులో ఏమేం వాసనలున్నాయో ఆలోచించాల్సిన పని పడలేదు. మంచం ఇవతల నిలబడ్డ నాకే పులుపు గుప్పున కొట్టింది.

నాన్న గ్లాసు దించాడు. "ఖరాబైందక్కా. పారబోస్త," అన్నాడు.

అత్తమ్మ చెయ్యి చాపింది. గ్లాసు తీసుకుని, వేలు ముంచి, మంచం మీంచి వంగి నేల మీద నాలుగు చుక్కలు వేసింది. ఒక గుక్క తాగింది. ముఖమంతా ముడుచుకుపోయింది. ఆ తర్వాత నవ్వింది, చాలా రోజుల తర్వాత ఆ పాత నవ్వు.

"సీసా మాగాలె మాగాలె అనుకుంట నన్ను ముసలిదాన్ని చేసినవు తమ్మీ. ఇగనన్న కూసో."

నాన్న ఇస్త్రీ ప్యాంటుతో మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమె తాగిన గ్లాసులోనే పోసుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. పద్ధతేమీ గుర్తున్నట్టు లేదు. మళ్ళీ ఆమెకు కాస్త పోశాడు, ఆమె పెదాలు తడుపుకుని గ్లాసు ఇచ్చేసింది. అట్లా గ్లాసు అటూ ఇటూ తిరిగింది. వాళ్ళమ్మ గురించి, మా ఊళ్ళో కూలి రోజుల గురించి, ఒకసారి నాన్న కల్లు లొట్టి పగలగొట్టి చెట్టెక్కి కూర్చున్న సంగతి గురించి మాట్లాడుకున్నారు. ఏ మాట దగ్గరో నాన్న ఏడవడం మొదలుపెట్టాడు. అత్తమ్మ ఆయన తల మీద చెయ్యి వేసింది. ఓదార్చలేదు, ఏడవనిచ్చింది. నేను జీవితంలో చూసిన తాగుళ్ళన్నిటిలో అదే గొప్పది.

ఆ వానాకాలం రాకముందే అత్తమ్మ పోయింది.

నాకిప్పుడు మంచి వైను ఎట్లా ఉంటుందో తెలుసు. చల్లటి చోట దాచిన సీసా, సన్నటి కాడ గ్లాసు, నల్ల ద్రాక్ష, తడి మట్టి, పాత చెక్కపెట్టె వాసన. బాగుంటుంది, కాదనను. ఫ్యాక్టరీలో నాన్న స్నేహితులకు ఆ సీసా కథ తెలుసు. అంత పేరున్న ఫ్రెంచి వైను తాగావు కదా, ఎట్లుండె అని చాలా ఏళ్ళపాటు అడిగేవాళ్ళు. రంగు, వాసన, నాలుక మీద రుచి అని మాకు అన్ని పాఠాలు చెప్పిన మనిషి, వాటి గురించి ఒక్క మాటా అనేవాడు కాదు.

"జర ముందుగాల తీయాల్సుండె," అనేవాడు.