నాలుగు డిగ్రీల మిర్చి టిక్కీ

మొన్న సుద్దముక్కతో గుంటూరుని దాదాపు పేల్చేశానండీ! నవ్వకండి, టీ తాగుతూ వినండి.

మూడేళ్లుగా నేను ఫిజిక్స్ గెస్ట్ లెక్చరర్‌ని. ఈసారి డెమో క్లాస్ బాగా చెప్తే పర్మనెంట్ చేస్తామన్నారు. చివరి బెంచీలో ప్రిన్సిపాల్ గారు, పక్కనే బయటి నుంచి వచ్చిన ఓ సీనియర్ సారు. టాపిక్: క్వాంటం ఆసిలేటర్ వేడెక్కితే ఎంట్రోపీ ఎంత పెరుగుతుంది? ఆసిలేటరంటే మెట్టు మెట్టుగా మాత్రమే ఎనర్జీ తీసుకుంటూ ఊగే బుల్లి స్ప్రింగు. అది ఏ మెట్టు మీదుందో మనకి ఎంత తెలియకపోతే ఎంట్రోపీ అంత.

పుస్తకంలో ఉదాహరణ ఎవరిక్కావాలి? మనది మిర్చి ఊరు! "కోల్డ్ స్టోరేజీలో మా నాన్న పెట్టిన మిర్చి టిక్కీ, అదే బస్తా, ఉంది. అందులో ఓ కాయ, ఆ కాయలో మన ఆసిలేటర్. లోపల నాలుగు డిగ్రీలు. బయట మిర్చి యార్డుకి తెస్తే నలభై నాలుగు!" అన్నాను. క్లాసంతా గొల్లున నవ్వింది. నాకు ఊపొచ్చింది.

మెట్లు చిన్నవైతే ఈ స్ప్రింగుకి నాలుగు డిగ్రీలైనా వేడే, లెక్క తేలిక. చివరి ఉష్ణోగ్రతని మొదటిదాంతో భాగించి నేచురల్ లాగ్ తీయడమే. నలభై నాలుగు బై నాలుగు, పదకొండు. దాని లాగ్ రెండు పాయింట్ నాలుగు. కింద రెండు గీతలు కూడా గీశా.

మూడో బెంచీలో మస్తాన్‌బీ లేచింది. వాళ్ల నాన్న పని కోల్డ్ స్టోరేజీలోనే.

"మేడమ్, ఒక్కోసారి లోపల సున్నాకి పోద్ది. అప్పుడో?"

సున్నాతో భాగించా. "అనంతం!"

"అంటే టిక్కీ బయటికి తెస్తే అనంతమైన ఎంట్రోపీనా?"

అక్కడ ఆగితే నేను నేనెందుకవుతాను? "అవును! క్వాంటం అంటే అంతే, బుర్రకి అందదు!"

"మరి మైనస్ రెండైతే మేడమ్?"

మైనస్ సంఖ్యకి లాగే ఉండదు! సీనియర్ సారు చిన్నగా దగ్గి, "అమ్మా, కెల్విన్‌లో వెయ్యాలి కదా..." అన్నారు.

మన డిగ్రీలకి రెండు వందల డెబ్భై మూడు కలిపితేనే కెల్విన్, అది కలపలేదు! రోజూ ఇదే తప్పుకి పిల్లల్ని తిడతాను. సిగ్గేసింది, నిజమే. అయినా అందరి ముందే చెరిపి మళ్లీ చేశా. మూడొందల పదిహేడు బై రెండొందల డెబ్భై ఏడు. లాగ్ తీస్తే పాయింట్ ఒకటి మూడు! అంతకుముందు చెప్పింది పదిహేడు రెట్లు పైనే ఎక్కువ.

"తప్పు నాదే సార్. కానీ గుంటూరు ఎండని కెల్విన్‌లో ఎవరు తిట్టుకుంటారు చెప్పండి?" అన్నా.

ప్రిన్సిపాల్ గారు నవ్వారు. సీనియర్ సారు నవ్వలేదు. "సోమవారం మళ్లీ చెప్పమ్మా."

"చెప్తా సార్. ఇదే లెక్క, ఇదే టిక్కీ!"

దారంతా ఒట్టు పెట్టుకున్నా, ఇక ఏ వేడైనా సరే కెల్విన్‌లోనే అని. ఇంటికెళ్లేసరికి నాన్న వరండాలో కండువాతో విసురుకుంటున్నాడు.

"బయట ఎండెంతుందమ్మా?"

"మూడొందల పదిహేడు!"

నాన్న విసురుకోవడం ఆపి నా మొహంలోకి చూశాడు.

"డెమో పోయిందా తల్లీ?"