రూతమ్మత్త తీసిపెట్టిన పిడికెడు

మా మేనత్త రూతమ్మ ఇక లేదు. పోయిన శుక్రవారం పొద్దున కర్నూలు పక్కన కల్లూరులో నేను పనిచేసే బడికి పోయే షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చుని ఉండగా ఫోను మోగింది. అత్త పక్కింటి సలోమమ్మ. "మీ యత్త పోయిందప్పా. పొయ్యికాడ కూచున్నది కూచున్నట్టే ఉండాది. పిలిస్తే పలకలా" అన్నది. ఆటో దిగి, ఎటు పోవాలో తోచక, కాసేపు బడివైపే నడిచాను. దిగ్భ్రాంతి ఒక్కటే కాదు. ఆమెతో నా ఆఖరి మాటను నేనే సగంలో తెంచేశాను. అది నన్ను ఒకచోట నిలవనివ్వడం లేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి కూడా ఎన్నిసార్లు లేచి తిరిగానో.

మంగంపేట దగ్గర మా ఊరు చేరేసరికి సంఘ పెద్ద వచ్చినవాళ్లకు "ప్రభువునందు నిద్రించింది" అని చెబుతున్నారు. గౌరవమైన మాటే గాని మా అత్తకు అతకదు. ఆమె స్థిమితంగా కూర్చున్న మనిషి కాదు. ప్రార్థన కూడా వాకిట్లో ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూనే చేసేది. మోకరించమ్మా అని పాస్టరుగారు మందలిస్తే, "కూచుంటే నాకు మాట రాదయ్యా. నడిస్తేనే అడగబుద్ధి అయితాది" అనేది. ఆయన నవ్వి ఊరుకునేవారు.

మామ ముగ్గురాయి గనిలో పెళ్ల విరిగిపడి చనిపోయాడు. అప్పటికి వాళ్లకు పెళ్లయి మూడేళ్లు, పిల్లలు లేరు. ఆ వచ్చిన ఆదివారమే అత్త చర్చికి పోయింది. దారిలో ఒకామె ఆపి, "అంత ఏడిస్తివి గదమ్మా, మళ్లీ ఆ దేవుని కాడికే పోతాండావా?" అని అడిగింది. "ఇంకెవరి ముందర ఏడ్చల్లక్కా?" అని అత్త నడక ఆపకుండానే చెప్పిందట. మామను మింగిన గనులలోనే తర్వాత ముప్పై ఏళ్లు రాయి ఏరి బతికింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ తెల్లటి దుమ్ములో ఆమె కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి.

మా సంఘంలో ఆడవాళ్లకు ఒక నియమం ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండను చర్చికి తీసుకుపోతారు. ఆ వారం ఇల్లు గడవనివాళ్లకు ఆ గింజలు చేరుతాయి. మా అమ్మానాన్నలు ఇళ్లు కట్టే బేల్దారి పనికి బెంగళూరు పోతూ నన్ను అత్త దగ్గర వదిలిన సంవత్సరం వానల్లేవు. ఉన్న బియ్యం మా ఇద్దరికే చాలవు. అయినా అత్త పిడికెడు తీసేది. నా పళ్లెంలో నుంచి తీసినట్టే ఉండేది నాకు. ఒక శనివారం ఆమె పనికి పోగానే ఆ కుండలో బియ్యమంతా వండి, ఉప్పూ కారం కలుపుకుని తినేశాను. సాయంత్రం అత్త కుండ మూత తీసి చూసింది, నన్ను చూసింది. మరునాడు ఖాళీ కుండనే చర్చికి మోసుకుపోయి అందరి ముందర పెట్టింది. "ఈ వారం బీదోడు మా ఇంట్లోనే ఉండాడు. వానికే పెట్టినా" అన్నది. నాకు సిగ్గు, కోపం, కడుపు నిండిన సుఖం మూడూ ఒకేసారి కలిగాయి. ఆమె మీద ఆ కోపం చాలాకాలం పోలేదు.

నాలుగేళ్ల కిందట మా పాపకు జ్వరం ముదిరినప్పుడు అత్త కర్నూలు వచ్చి, మూడు రోజులు ఆసుపత్రి వరండాలో తిరుగుతూ ప్రార్థించింది. పాప దక్కలేదు. "అంత అడిగితివి గదత్తా, ఏమయింది?" అని అరిచాను. ఎవరైనా దేవుని చిత్తమని చెప్పేవారు. ఆమె అలా చెప్పలేదు. "ఏమో నాయనా. నాకూ తెలీదు. అడుగుతానే ఉండా" అన్నది. నేను చర్చి మానేశాను. రమ్మని ఆమె ఒక్కసారీ పిలవలేదు. ఫోను చేసి "తింటివా?" అని అడిగేది, చివర్లో "అడుగుతానే ఉండా" అనేది. ఆఖరిసారి చేసినప్పుడు నాకు ఒళ్లు మండింది. "ఇంకెంతకాలం అడుగుతావత్తా? ఇడిసిపెట్టు" అన్నాను. "నేను ఇడిసిపెడితే నీకు ఏం జవాబు చెప్పల్ల?" అన్నది. ఫోను పెట్టేశాను.

శనివారం సమాధి కార్యక్రమం ముగిశాక సలోమమ్మ నన్ను పొయ్యి దగ్గరికి తీసుకుపోయింది. ఎసరు మరిగి ఇంకిపోయి గిన్నె మాడి ఉంది. చేటలో బియ్యం కడగకుండా అట్లే ఉన్నాయి. పక్కన కుండలో ఆ వారం గింజల మీద ఆ పూట పిడికెడు విడిగా కుప్పగా పడి ఉంది. "తీసిపెట్టినాకే పోయింది సూడప్పా. రేపు ఆదివారం. దీన్ని ఎవరు మోసకపోతారు?" అని అడిగింది. సంఘంలో మోసేవాళ్లు లేక కాదు. అయినా మరునాడు దాన్ని నేనే మోసుకుపోయాను. నాలుగేళ్ల తర్వాత చర్చి గడప తొక్కి, కుండ ముందర పెట్టి, పాట మొదలు కాకముందే బయటికొచ్చి రోడ్డు మీద నిలబడ్డాను.

గొప్ప సేవకులకు శిలాఫలకాలు ఉంటాయి. మా అత్తకు ఉన్నది ఒక మట్టికుండ. దాన్ని కల్లూరు తెచ్చుకున్నాను. నా తరఫున అలుపు లేకుండా అడిగే మనిషి ఇక నాకు దొరకదు. ఈరోజు పొద్దున నా భార్య ఎసరు పెట్టి బియ్యం కొలుస్తుంటే ఆగమని, ఒక పిడికెడు తీసి కుండలో వేశాను. ఆమె నా ముఖంలోకి చూసింది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. వాకిట్లోకి వచ్చి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను. మా పాప సంగతి నేనే అడిగాను.