పసుపు కలిసిన సున్నం

మా ఇంట్లో ఎవరు గోడలకు రంగులు ఎంచుతున్నా నన్ను దగ్గరికి రానివ్వరు. వస్తే ఏమడుగుతానో వాళ్ళకు తెలుసు. "ఈ గదిలో ఉండేది ఎవరు? వాళ్ళనడిగారా?" అంటాను. పిల్లలు నవ్వుతారు. పెద్దవాళ్ళు "మొదలైంది" అన్నట్టు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. చూసుకోనీ. నేను మాత్రం అడగడం మానను. ఈ అలవాటు నాకు నిజామాబాదులో, మా ఇంటికి మొట్టమొదటిసారి రంగులు వేసిన ఏడు అంటుకుంది. అప్పటికి నాకు తొమ్మిదో పదో ఏళ్ళు.

కంఠేశ్వర్ వైపు ఒక సందులో ఉండేది మా ఇల్లు. నాన్నను నేను బాపు అనేదాన్ని. ఆయనకు గంజిలో, అంటే ఊరి పెద్ద బజారులో, పసుపు వ్యాపారం. ఆర్మూరు దిక్కు నుంచి బండ్లలో వచ్చే పసుపు కొమ్ములు కొని, బస్తాలకెత్తి రైలుకు వేసేవాడు. ఆయన ఇంటికి వస్తే ముందు వాసన వచ్చేది, తర్వాత మనిషి వచ్చేవాడు. ధోవతి అంచులు, చెవుల మడతలు, గోళ్ళ సందులు అన్నీ పచ్చగా ఉండేవి. ఇంట్లో మేం నలుగురం. బాపు, బాపు వాళ్ళ అమ్మ, బాపు చెల్లెలు, నేను. బాపు అమ్మను నేను బాపమ్మ అనేదాన్ని. మా అమ్మ నేను పాలు మరవకముందే పోయింది. నన్ను పెంచింది మా మేనత్త.

అత్తకు చిన్నప్పుడే పెళ్ళైంది. కాపురానికి పోయిన కొద్ది కాలానికే మొగుడు జ్వరంతో పోతే, బాపు బండి కట్టుకుని పోయి పుట్టింటికి తీసుకొచ్చాడు. అప్పటి నుంచి ఆమెకు తెల్లచీర, వెనక గది. పొద్దున నా జడ వేయడం దగ్గర నుంచి రాత్రి నాకు అన్నం కలిపి పెట్టడం దాకా అన్నీ ఆ చేతులే చేసేవి. నాకు జ్వరం వస్తే ఆమె నిద్రపోయేది కాదు. ఇవాళ నేను నాలుగు మాటలు ధైర్యంగా మాట్లాడగలుగుతున్నానంటే ఆ చేతి ముద్దల వల్లనే. ఇంట్లో ఎవరికేం కావాలో ఆమెకు తెలుసు. ఆమెకేం కావాలో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మా కులంలో అది పద్ధతి.

భార్య పోయినవాడు బాపు కూడా. ఆయన జరీ తలపాగా చుట్టుకుని పెళ్ళిళ్ళకు ముందు వరసలో కూర్చునేవాడు. ఎరుపు అంచు ధోవతి కట్టుకునేవాడు. ఇదేమిటని ఒక్కరూ అడగలేదు. అప్పట్లో నాకు ఈ తేడా తెలియలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

సరే, రంగుల సంగతికి వస్తాను. ఆ రోజుల్లో మా ఊళ్ళో గోడలంటే సున్నం, దర్వాజాలంటే నూనె పూసిన కట్టె. అంతకుమించి ఎవరూ ఆలోచించేవాళ్ళు కాదు. ఇంతలో కాలువ నీళ్ళు పారి, బోధన్ చుట్టూ చెరకు పెరిగి, చక్కెర కార్ఖానా వస్తుందని మాట పుట్టి, ఆ దిక్కు వాళ్ళ చేతుల్లో డబ్బు ఆడసాగింది. కోటగిరిలో మా చుట్టాలు కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశానికి పిలిచారు. నన్ను వెంటబెట్టుకుని బాపమ్మ పోయింది. గోడలు లేత నీలం. తలుపులకు బొంబాయి నుంచి డబ్బాల్లో వచ్చిన ఆకుపచ్చ రంగు, తళతళా మెరుస్తున్నది. బాపమ్మ ఆ తలుపును ఎవరూ చూడకుండా వేలితో రుద్ది చూసింది.

ఇంట్లో కాలు పెడుతూనే బాపు మీద పడింది.

"నీళ్ళు మొన్న చూసినోళ్ళు గూడ ఇండ్లకు రంగులేసుకుంటున్నరు. మనం గిట్లనే తెల్లగోడల మొకం జూసుకుంట కూసుందామా?"

"ఏం రంగు గావాల్నో చెప్పవ్వా, దసరాకు ముంగట ఏపిస్త" అన్నాడు బాపు.

అంతే, మా ఇంట్లో రంగుల పంచాయితీ మొదలైంది. ముందు గదికి నీలం అని బాపమ్మ తీర్పు చెప్పింది. తలుపులకు, కిటికీలకు ఆకుపచ్చ. అది కోటగిరి వాళ్ళ ఆకుపచ్చ కాదని, మనది ఇంకా ముదురుగా ఉండాలని ఆమె పట్టు. గోడ కింద చుట్టూ ఎర్రమట్టితో జాజు అంచు ఉండాలా వద్దా అని రెండు పూటలు వాదించుకున్నారు. ఉండాలని తేలింది. మధ్య గదికి రంగు ఎంచే హక్కు నాకిచ్చారు. నేను గులాబీ అన్నాను. బాపు నవ్వి, సున్నంలో గులాబీ ఎక్కడ నుంచి వస్తుందే అన్నాడు. చివరికి అక్కడా నీలమే, కాకపోతే కొంచెం పలుచన. హక్కు ఇచ్చి చేతిలో ఏమీ పెట్టకపోవడం అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

ఆ మాటలన్నీ అయ్యాక నేను అడిగాను. "మరి అత్త గదికి?"

అత్త అక్కడే, గోడ పక్కన కూర్చుని చాటలో బియ్యం ఏరుతున్నది.

"దాని గదికి రంగేంది? సున్నం చాలు. జాజు గూడ వద్దు" అంది బాపమ్మ. కోపంగా అనలేదు. వంటలో ఉప్పు ఎంత వేయాలో చెప్పినట్టు చెప్పింది.

అత్త తల ఎత్తలేదు. బియ్యంలో రాళ్ళు లేకపోయినా ఏరుతూనే ఉంది. నేను బాపు వైపు చూశాను. ఆయన తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. "సరే" అన్నాడు. నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ పూట ఆయనకు మంచినీళ్ళ చెంబు కూడా అందించలేదు.

సున్నం వేయడానికి ఇందల్వాయి నుంచి మొగుడూ పెళ్ళాం ఇద్దరు వచ్చారు. పెరట్లో తొట్టి పెట్టి సున్నం నానేశారు. అది బుసబుసా పొంగుతుంటే నేను గట్టు మీద కూర్చుని చూసేదాన్ని. తుమ్మ జిగురు కలిపారు. నీలిమందు గుడ్డలో మూటగట్టి పిండారు. ముందు గది నీలంగా తేలింది. తలుపులకు ఆకుపచ్చ పడింది. బాపమ్మ గంటకోసారి వచ్చి ఆరిందా అని ముట్టుకోవడం, వేలికి రంగు అంటించుకోవడం, పనివాళ్ళ మీద కసురుకోవడం. తలుపు మీద ఆమె వేలిముద్రలు చాలా ఏళ్ళు అట్లాగే ఉండిపోయాయి.

ఆఖరున అత్త గది మిగిలింది. ఆ మధ్యాహ్నం బాపు వేళ కాని వేళ గంజి నుంచి వచ్చాడు. చేతిలో చిన్న గోనె సంచి. తొట్టి దగ్గరికి పోయి, అందులో మిగిలిన తెల్లసున్నంలోకి సంచి వంచబోయాడు. సంచిలో పసుపు పొడి.

సున్నం వేసే ఆమె గాభరా పడింది. "సావుకారీ, పసుపు కలుపుతున్నరా? ఎర్రగైతది సూడు."

"గా గది గోడకు చెమ్మ ఉన్నది. పసుపు కలిపితే పురుగు పట్టది" అన్నాడు బాపు, ఆమె మాట వినబడనట్టు. సంచి మొత్తం దులిపేశాడు. కర్ర తీసుకుని తనే కలిపాడు.

సున్నంలో పసుపు పడితే ఏమవుతుందో తెలియని ఆడది మా దగ్గర ఉండదు. పెళ్ళికూతురి పాదాలకు పెట్టే పారాణి అదే. నేను చూస్తుండగానే తొట్టిలో తెలుపు ఎర్రబడింది. గోడకెక్కేసరికి గది గదంతా పెళ్ళికూతురి పాదాల రంగు తేలింది.

బాపమ్మ గడప దగ్గరికి వచ్చి నిలబడిపోయింది. తర్వాత నోరు లేచింది.

"ఓరి నీ పాడుగాను! ముండమోసిన పిల్ల గదికి పారాణి ఏసినవారా? వాడకట్టోళ్ళు చూస్తే ఏమంటరు?"

"నాకేం దెల్సు అవ్వా? పసుపు పచ్చగనే ఉంటదనుకున్న."

"పుట్టినకాడికెల్లి పసుపు అమ్ముతున్నవు గదరా!"

"అమ్ముత గని, సున్నంల ఎప్పుడన్న కలిపిన్నా? గవన్ని ఆడోళ్ళ పనులు. నాకెట్ల తెలుస్తయి?"

బాపమ్మ కొడుకు మొహంలోకి చాలాసేపు చూసింది. పనివాళ్ళ వైపు తిరిగి, "పొద్దుగాల్ల దీని మీద తెల్లసున్నం ఎయ్యుండ్రి" అని చెప్పి లోపలికి పోయింది.

తెల్లవారి వేశారు. అక్కడ జరిగింది చూడాలి. తెల్లసున్నం పూసిన చోటల్లా కింది పసుపు మళ్ళీ తడిసి పైకి వచ్చింది. తెలుపు వేసిన కాసేపటికి గోడ సిగ్గుపడ్డట్టు గులాబీ రంగుకు తిరిగింది. ఇంకో పూత వేయించింది బాపమ్మ. ఇంకా గులాబీ. నేను మధ్య గదికి అడిగి, సున్నంలో రాదనిపించుకున్న గులాబీ అది. "గీ గోడకు నా మీద ఏం పగనే" అంది బాపమ్మ, తల పట్టుకుని.

అప్పుడు అత్త నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. ఆమె పళ్ళు అంత తెల్లగా ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. బాపు గది బయట నిలబడి ఉన్నాడు. ఆయన నవ్వలేదు. చెల్లెలినే చూస్తున్నాడు. బాపమ్మ ఆమెను చూసింది, కొడుకును చూసింది. మూడో పూత వేయమని చెప్పలేదు.

వాడకట్టులో మాట పాకింది. ఎదురింటి ముసలామె పెరుగు తోడు అడిగే వంకన వచ్చి, నేరుగా వెనక గది దాకా నడిచి, ముక్కు మీద వేలేసుకుంది. "ఇదేందమ్మా, దీని గదికి గిట్లాంటి రంగు?" అంది.

మా బాపమ్మ వెంటనే ఎగిరి పడింది. "అది రంగు గాదు, పురుగుమందు. నీ ఇంట్ల గోడలకు చెదలు వట్టినంక వచ్చి నన్నడుగు, చెప్త." ముసలామె పెరుగు తోడు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. బాపమ్మను నేను ఎన్నోసార్లు తిట్టుకున్నాను. ఆ ఒక్క మాట కోసం ఆమెకు అన్నీ మాఫ్ చేశాను.

అత్త ఆ గదిలో మారిపోయిందని చెబితే అబద్ధం. అదే తెల్లచీర, అదే పని. కాని పని అయ్యాక వాకిట్లో ఒక మూలన కూర్చునే మనిషి, ఇప్పుడు గదిలోకి పోయి తలుపు తీసిపెట్టుకుని కూర్చునేది. పొద్దున ఎండ ఆ గోడల మీద పడినప్పుడు ఆమె చీరకు, మొహానికి కూడా ఆ రంగు అంటేది. నేను ఆమె ఒళ్ళో తల పెట్టి చూస్తుండేదాన్ని. "అత్తా, నీకు గీ రంగు ఇష్టమేనా?" అని అడిగాను ఒకసారి. ఆమె నా జుట్టు నిమురుతూ, "నన్ను గిట్ల ఎవ్వలడిగిండ్రు బిడ్డా" అంది. ఇష్టమో కాదో మాత్రం చెప్పలేదు.

పారాణి పాదాల మీద నిలవదు, గోడల మీదా నిలవదు. సున్నం ఆరినకొద్దీ ఎరుపు దిగింది. చలికాలానికి గోడలు బంతిపువ్వు రంగుకు వచ్చాయి. ఎండాకాలానికి లేత పసుపు. వానలు పడేసరికి అదీ వెలిసిపోయి, ఎక్కడో మూలల్లో తప్ప గది మళ్ళీ పాత తెల్ల గదే అయింది. అత్త ఒక మూల గోడను అరచేత్తో తడుముతుండగా నేను చూశాను. నా అడుగుల చప్పుడు విని చెయ్యి తీసేసింది.

మళ్ళీ దసరా దగ్గర పడింది. ఇందల్వాయి వాళ్ళు వచ్చి తొట్టిలో సున్నం నానేశారు. బాపమ్మ పెరటి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నది. బాపు తొట్టి పక్కన నిలబడి ఉన్నాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. నిరుడు చేసింది పొరపాటు. తెలిసి తెలిసి అదే పొరపాటు మళ్ళీ చేస్తే, తల్లికి ఏం చెప్పాలి? ఈసారి తెల్లసున్నమే వేస్తారని, అత్త ఏమీ అనదని నాకు తెలుసు.

అత్త ఇంట్లో నుంచి వచ్చింది. పనివాళ్ళు ఉండగా ఆమె పెరట్లోకి రాదు. వచ్చింది, తొట్టి దాకా నడిచింది. తల వంచుకునే అంది.

"అన్నా, నా గోడలకు మల్ల పురుగు వట్టినట్టున్నది."

నాకు బుద్ధి తెలిశాక ఆమె తనకోసం ఒకటి అడగడం నేను వినడం అదే మొదటిసారి. బాపు తల్లి వైపు చూశాడు. అత్త చూడలేదు. సున్నం వేసే ఆమె కూడా కుంచె పట్టుకుని అట్లాగే నిలబడింది.

బాపమ్మ చిక్కుడుకాయ ఒకటి తుంచింది. ఈనె తీసి పారేసింది. మా ఎవరి వైపూ చూడకుండా అంది.

"దాని పెండ్లికి పారాణి కలిపింది నువ్వే గదరా. గా పాళ్ళల్లనే కలుపు."

బాపు గబగబా ఇంట్లోకి పోయి పసుపు సంచి తెచ్చాడు. తెచ్చి పెట్టుకునే ఉన్నాడన్నమాట. తొట్టి మీదికి వంగి, తల ఎత్తకుండా, చాలాసేపు కలిపాడు. అత్త పక్కనే నిలబడి, చాలని చెయ్యి అడ్డం పెట్టేదాకా ఆయన పోస్తూనే ఉన్నాడు. ఆ ఏడు గోడలు నిరుటికంటే ఎర్రగా వచ్చాయి.